పదిహేను అంగుళాల తెర

ఆ ఎండాకాలం మా ఇంట్లో అమ్మ తప్ప ఎవరూ నాన్న కళ్ళ గురించి మాట్లాడలేదు. అందరం కంప్యూటర్ తెర గురించే మాట్లాడాం.

తొంభై తొమ్మిది ఏప్రిల్. చర్చి బయట చెప్పులు తొడుక్కుంటూ జాన్సన్ అంకుల్, పద్నాలుగు అంగుళాల తెర యాభై దాటినవాళ్ళకు పనికిరాదని తీర్పు చెప్పేశాడు. మా వీధిలో టీవీలు బాగుచేసే అతను, పదిహేడు అంగుళాలదైతే వెలుగు మొహం మీద కొడుతుందని, ముందు నల్లద్దం బిగించుకోకపోతే ఉన్న చూపు కూడా పోతుందని భయపెట్టాడు. కంప్యూటర్‌ను ఒక్కసారైనా ముట్టుకోని మా అమ్మ సువార్తమ్మ మాత్రం, "తెరదేమున్నది, ముందుగాల కళ్ళు చూపించుకోండ్రి," అనేది. అన్నం వడ్డిస్తూ అనేది, బట్టలు ఆరేస్తూ అనేది. ఆమె పోరు పడలేక నాన్న సరేనన్నాడు. చర్చిలో ఒక నర్సమ్మను బతిమాలి అమ్మ పెద్ద కంటి దవాఖానలో శనివారానికి చీటీ సంపాదించింది.

మా నాన్న సాల్మన్ సికింద్రాబాద్‌లో ఒక మిషన్ ప్రెస్సులో ఇరవై ఎనిమిదేళ్ళు ప్రూఫ్ రీడర్‌గా చేశాడు. అంతకుముందు ఏడాది ప్రెస్సు మూతపడింది. ఏడు నెలలు ఇంట్లో కూర్చుని, దినపత్రికలో కనబడిన ప్రతి తప్పు కింద ఎర్ర పెన్నుతో గీతలు గీసి, ఆ పేపరు ఎవరికి పంపాలో తెలియక మడిచి పెట్టుకునేవాడు. అలాంటి మనిషికి ఉద్యోగం ఇప్పించింది నేను. ఇరవై రెండేళ్ళ కూతురు తండ్రికి ఉద్యోగం ఇప్పించడమంటే మాటలా! ఆ గర్వం నాకు కాస్త ఎక్కువే ఉండేది, దాచడమెందుకు.

నేను టైపు చేసే కంపెనీ మాదాపూర్‌లో ఉండేది. హైటెక్ సిటీలో పని అని చుట్టాలకు చెప్పుకునేవాళ్ళం. అప్పుడే కట్టిన ఆ గుండ్రటి అద్దాల మేడలో కాదు, దానికి ఎదురు సందులో, సిమెంటు దుకాణం పైన రెండో అంతస్తులో. కిటికీలోంచి మేడ కనబడేది కాబట్టి మరీ అబద్ధమేమీ కాదు. ఎలక్షన్లు వస్తున్నాయి. ఊరూరా ఇల్లిల్లూ తిరిగి చేత్తో రాసుకొచ్చిన ఓటర్ల పేర్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని మా కంపెనీకి వచ్చింది. టైపు చేసేవాళ్ళం పన్నెండుమందిమి. నాన్న ఒక్కడే రాతప్రతి పక్కన పెట్టుకుని, మేం కొట్టినదంతా తెర మీద సరిచూసేవాడు. ఊరి జాబితా చివర ఆయన సంతకం పడితేనే అది అచ్చుకు పోవాలి. మూడు నెలలు చూసి జూలైలో ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. ఇది పోతే యాభై నాలుగేళ్ళ ప్రూఫ్ రీడర్‌ను రమ్మనే చోటు హైదరాబాద్‌లో ఇంకొకటి లేదని మా ముగ్గురికీ తెలుసు.

చేరిన రెండో వారానికే సణుగుడు మొదలైంది.

"ఏంది బిడ్డా గీ అక్షరాలు! చీమలు పాకినట్టున్నయి. సీసపు అక్షరమైతే ఎంత సాఫుగ కనబడుతుండె."

"తెర చిన్నది నాయినా. పెద్దదైతే మంచిగ కనబడ్తది."

ఆ మాట మొదట అన్నది నేనే. తర్వాత ఆఫీసంతా అంది, వీధంతా అంది.

మా ఇన్‌చార్జ్ దినేష్‌ది అనంతపురం. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద, అంతే. నాన్న ఎదురుపడితే మాత్రం బడిలో మాస్టారు వచ్చినట్టు లేచి నిలబడేవాడు. బాస్‌తో ఎలా పోట్లాడాడో ఏమో, నాన్న ఒక్కడి కోసం కొత్త కంప్యూటర్ కొనడానికి ఒప్పించాడు.

"సార్, ఎంత తెర సరిపోతాదో మీరే షాపుకు పోయి చూసుకోండి. కరుణా, నువ్వూ పో సార్‌తో. పదిహేడైనా పర్వాలేదు, నేను చెప్పుకుంటా. కానీ ఒకసారి తెచ్చినాక మళ్ళా మార్చమంటే మా బాస్ నన్ను బతకనీడు."

మరుసటి రోజే సికింద్రాబాద్ బస్సెక్కాం. ప్యాట్నీ సెంటరు దాటుతుంటే నాన్న మూసేసిన తన ప్రెస్సు ఉన్న వైపు మెడ తిప్పి, ఎప్పటిలాగే పాత కబుర్లు అందుకున్నాడు.

"మా ప్రెస్సుల ఒక కాయిదా ఉండె బిడ్డా. చర్చి ప్రార్థనలు, ఆరాధన కాగితాలు అచ్చుకొస్తే నేను ముట్టద్దు. నాతోని పనిచేసే ఎల్లయ్య చూడాలె. బయట పని కింద జాతర కరపత్రాలు, బోనాల పాటలు వస్తే ఎల్లయ్య ముట్టద్దు. నేను చూడాలె. ఎందుకు?"

"నోటికి వచ్చినదాన్ని కన్ను చూడదు కాబట్టి," అని చిన్నప్పటి నుంచి వందసార్లు విన్న జవాబు చెప్పేసి, నేను టికెట్టు చిల్లర సరిచూసుకుంటున్నాను.

"ఆఁ. తప్పున్నా సరిగనే చదువుతది. నాకు రాని పాట నాకియ్యి, అప్పుడు పడ్తది తప్పు."

పరేడ్ గ్రౌండ్ ఎదురుగా ఆ షాపు. మూడు తెరలు వరసగా వెలిగించి పెట్టారు.

"అంకుల్, ఇది ఫోర్టీన్, ఇది ఫిఫ్టీన్, ఇది సెవెంటీన్. ఆరాంగ చూడుండ్రి, జల్దీ ఏం లేదు," అన్నాడు షాపతను. తెర మీద ఇంగ్లీషులో ఏవో బొమ్మలు, అక్షరాలు కదులుతున్నాయి.

"నాకు గివాటితోని పని లేదు బాబూ. తెలుగు అక్షరం చూపియ్యి," అన్నాడు నాన్న.

వాళ్ళ దగ్గర తెలుగు లేదు. నాకు తెలుసు, అందుకే ఆఫీసు తెలుగు అక్షరాలున్న ఫ్లాపీ బ్యాగులో పెట్టుకెళ్ళాను. నా ముందుచూపుకు నేనే మురిసిపోతూ పద్నాలుగు అంగుళాల తెర ముందు కూర్చున్నాను. అప్పుడు తెలిసింది, చూసి కొట్టడానికి కాగితం ముక్క కూడా తేలేదని. వెనకాల షాపతను, ఇంకెవరో ఇద్దరు నిలబడి చూస్తున్నారు. వేళ్ళు కీబోర్డు మీద పెట్టి ఒక్క క్షణం ఆలోచించాను. అమీర్‌పేటలో టైపు నేర్చుకున్న ఆరు నెలలూ రోజూ పొద్దున కొట్టింది మా విశ్వాస ప్రమాణం. ఆదివారం చర్చిలో అందరం లేచి నిలబడి ఒక్క గొంతుతో చెప్పేది. చూడకుండా నా వేళ్ళకు వచ్చింది అదొక్కటే. టకటకా కొట్టేశాను. పన్నెండు వరసలయింది. సరిగ్గా మా ఆఫీసు సైజులోనే పెట్టాను, ఒక్క పిసరు కూడా పెంచలేదు. పరీక్షంటే న్యాయంగా ఉండాలి కదా అనుకున్నాను.

నాన్న కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, తెర మీద వేలు పెట్టి పైకి చదవడం మొదలుపెట్టాడు. మొదటి వరస నుంచి చివరి వరస దాకా ఎక్కడా ఆగలేదు. వేలు వరస వెంట వరసగా దిగుతూ వచ్చింది.

"అబ్బో! అంకుల్ నజర్ జబర్దస్త్ ఉన్నది," అన్నాడు షాపతను. నాకు కడుపు నిండిపోయింది.

పదిహేడు అంగుళాల దాని మీద అదే పెడితే అక్షరాలు ఇంకా చిన్నవైపోయాయి.

"ఇదేంది? తెర పెద్దగై అక్షరం చిన్నగాయె?"

"సెట్టింగ్ అట్లుంటది అంకుల్. తెర మీద ఎక్కువ పడుతది. కావాలంటే మారుస్త."

"వద్దు, వద్దు, ఉండనియ్యి." నాన్న ఆ సన్నటి అక్షరాలను కూడా గడగడా చదివేశాడు. లేచి నిలబడి చొక్కా సర్దుకున్నాడు. ఎన్నో నెలల తర్వాత ఆ మొహంలో నవ్వు చూశాను.

"పద్నాలుగే సాలు బిడ్డా. కంపెనీ పైసలు ఊరికే ఎందుకు పారెయ్యాలె?"

నేనే బలవంతపెట్టి పదిహేను అన్నాను. అలా మధ్యస్థంగా, అందరికీ న్యాయంగా, పదిహేను అంగుళాల తెర ఖాయమైంది.

బయటికొచ్చి చెరుకురసం తాగాం. గ్లాసు కింద పెడుతూ నాన్న, "ఇగ శనివారం దవాఖాన దేనికి? చూస్తివి గదా," అన్నాడు. చూశాను కదా అనుకున్నాను నేనూ. పక్కనే ఉన్న ఎస్టీడీ బూత్ నుంచి దవాఖానకు ఫోన్ చేసి మేం రావడం లేదని చెప్పాను. ఆ చీటీ రద్దు చేసింది నా గొంతే.

ఇంట్లో అమ్మ నమ్మలేదు.

"నిజంగ సదివిండా?"

"చదివిండమ్మా. ఒక్క ముక్క తప్పు పోలే. అందరు చూసిండ్రు."

"షుగరున్న మనిషి. ఒక్కసారి చూపిస్తే మన సొమ్మేం పోతుండె," అని అమ్మ కాసేపు సణిగి ఊరుకుంది. ముగ్గురిలో ఇద్దరం ఒకటైతే మూడోవాళ్ళు ఊరుకోక ఏం చేస్తారు.

కొత్త కంప్యూటర్ వచ్చిన మొదటి వారం నాన్న పెళ్ళికొడుకులా ఉన్నాడు. రెండో వారం కుర్చీ ముందుకు జరిగింది. తర్వాత వెనక్కి జరిగింది. కిటికీ వెలుగు పడుతోందని బల్ల తిప్పించాడు. నల్లద్దం బిగించాం. వారానికి అదే అడ్డమని తీసేశాడు. మే నెల నడిమికొచ్చేసరికి, గింజను చూసే కోడిలా మెడ పక్కకు తిప్పి తెరను చూడటం అలవాటు చేసుకున్నాడు. వెనక వరస కుర్రాళ్ళు అది చూసి మెడలు తిప్పి ఒకరినొకరు వెక్కిరించుకునేవారు. నాకు తల కొట్టేసినట్టయింది. వాళ్ళను తిట్టలేక నాన్న మీద పడ్డాను.

"సీదా కూసో నాయినా. అందరు నవ్వుతుండ్రు."

నాన్న మెడ తిన్నగా పెట్టాడు. నిటారుగా కూర్చున్నాడు. చూపు మధ్యలో పోయి అంచుల్లో మిగిలిన మనిషి అలా మెడ తిప్పితేనే ఎంతోకొంత కనబడుతుందని నాకు అప్పుడు తెలియదు. ఉన్న ఆ కొంచెం కూడా వద్దని నేనే చెప్పాను. ఇన్నేళ్ళయినా ఆ మాట నన్ను తింటూనే ఉంది.

నెలాఖరుకు పద్నాలుగు ఊళ్ళ మీద ఆయన సంతకం పడింది. నార్సింగి, గోపన్‌పల్లి, ఇంకా చుట్టుపక్కలవి. దినేష్ అందరిలో, "సార్‌ను చూసి నేర్చుకోండి స్పీడు," అన్నాడు.

తొలకరి పడిన రోజు దినేష్ నన్ను మెట్ల దగ్గరికి పిలిచాడు. చేతిలో రెండు కాగితాలున్నాయి, ఒకటి అచ్చు, ఒకటి చేతిరాత.

"గోపన్‌పల్లి. అచ్చుకు పోయినాక ఊరికే ఒక పేజీ తీసి రాతప్రతితో పోల్చి చూసినా. చూడు."

ఒక్క పేజీలో తొమ్మిది తప్పులు. మొగుడి పేరుండాల్సిన చోట కొడుకు పేరు. అరవై ఒక్క ఏళ్ళ ఆవిడకు పదహారు. ఒక ఇంట్లో నలుగురి పేర్లు మొత్తానికే లేవు.

"టైపు చేసినోళ్ళ తప్పు," అన్నాను.

"టైపోళ్ళు తప్పు చేస్తారనే కదా సార్ ఉండేది? కింద సంతకం సార్‌దే ఉండాది. ఇంకా బాస్‌కు చెప్పలేదు. ఎట్ల చెప్పేది నేను?" దినేష్ మొహం తుడుచుకున్నాడు. "ఆదివారం ఆఫీసు ఖాళీగా ఉంటాది. మీ ఇద్దరూ కూర్చుని ఇంకో ఊరు చేసి చూపించండి. తప్పు లేకుంటే ఎట్లనో సర్దుకుంటా."

ఇంటికెళ్ళి నాన్నకు చెప్తే ఆయన కోపగించుకోలేదు. చాలాసేపు ఆ అచ్చు కాగితం చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. చివరికి మొహం తేటపడింది.

"ఎందుకైందో తెలిసింది బిడ్డా. ఒక్కనికే రెండు పనులాయె. ప్రెస్సుల ఎల్లయ్య కాగితం చూసి చదువుతుండె, నేను ప్రూఫు చూస్తుంటి. ఆయన ఒక వరస చదవాలె, నేను ఆఁ అనాలె, తప్పుంటే ఆపాలె. ఒక్కడే అటు చూసి ఇటు చూస్తే తప్పులు పోవా?"

ఎంత బాగుంది ఆ కారణం! ఇద్దరికీ పోయిన ప్రాణం లేచొచ్చింది. తెర మీద నుంచి నేరాన్ని తీసి పద్ధతి మీద వేశాం. కళ్ళ జోలికి ఇంకా వెళ్ళలేదు.

ఆ ఆదివారం మేం చర్చికి వెళ్ళలేదు. ఖాళీ ఆఫీసులో నల్లగండ్ల జాబితా ముందేసుకున్నాం. నేను రాతప్రతి పట్టుకుని చదువుతున్నాను, ఇంటి నంబరు, పేరు, తండ్రో భర్తో పేరు, వయసు. నాన్న తెర మీద వేలు పెట్టి వరస వరసకూ "ఆఁ" అంటున్నాడు. గోవిందప్ప, ఆఁ. సరోజమ్మ, ఆఁ. కాసేపటికి లయ కుదిరింది. నాన్న గొంతులో పాత హుషారు వచ్చింది.

"తప్పులే లేవు చూసినవా? ఈ ఊరు ఎవరు కొట్టిండ్రో గని మంచి పిల్ల."

నేను కాగితం తిప్పి చదువుతూనే ఉన్నాను. పదకొండు పేర్లు అయ్యాక బొటనవేలికి ఏదో మందంగా తగిలింది. కాగితాలు రెండు అతుక్కుని వచ్చాయి. పద్నాలుగో పేజీ తర్వాత పదహారు చదువుతున్నాను. తెర మీద మాత్రం పదిహేనో పేజీయే ఉంది. నేను చదివిన పదకొండు పేర్లలో ఒక్కటి కూడా నాన్న ముందు లేదు. ఆయన వేలు పదకొండు వరసలు దిగి ఆగి ఉంది.

"ఏమైంది? చదువు."

చదివాను. ఎందుకు ఆపలేదో నాకు తెలియదు. ఆ పేజీలో మిగిలిన పేర్లు కూడా ఒక్కొక్కటే చదివాను. ప్రతి పేరుకూ ఆయన "ఆఁ" అన్నాడు. వేలు తెర అడుగుకు చేరింది. అప్పుడు కాగితాలు ఒళ్ళో పెట్టుకున్నాను.

"నాయినా, ఈ పైవరస ఒక్కసారి నువ్వు చదువు."

నాన్న ముందుకు వంగాడు. వెనక్కి జరిగాడు. మెడ తిప్పబోయి, నా వైపు చూసి, మళ్ళీ సీదాగా పెట్టాడు. తెర మీది వేలు తీసేశాడు.

"నడిమిట్ల మరకున్నది బిడ్డా. చుట్టూత కనబడ్తది. ఏది చూస్తే అదే ఉండది."

"ఎప్పటిసంది?"

"తెర చిన్నది కాబట్టి అనుకున్న."

"మరి షాపుల చదివితివి గదా! సన్నటి అక్షరాలు కూడ చదివితివి!" దాదాపు అరిచాను.

నాన్న కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆ దినం నువ్వేం టైపు చేసినవ్ బిడ్డా?" అని అడిగాడు. ఆ అడగడంలో నింద లేదు. తప్పు ఏ వరసలో ఉందో వెతికే ప్రూఫ్ రీడర్ అడిగినట్టే అడిగాడు.

నేను చెప్పనక్కరలేకపోయింది. ఆ పన్నెండు వరసలూ ఆయనకు నోటికి వచ్చినవే.

"నేను చదువుతున్ననే అనుకున్న," అన్నాడు నాన్న. "దేవుని తోడు. అక్షరాలు కనబడ్డయి నాకు." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "అది ఎల్లయ్యకు ఇయ్యాల్సిన పని," అన్నాడు.

మళ్ళీ చీటీ దొరకడానికి పన్నెండు రోజులు పట్టింది. కంట్లో మందు వేసి, చీకటి గదిలో కూర్చోబెట్టి, లోపలికి దీపం వేసి చూసిన డాక్టరమ్మ కోస్తా మనిషి. నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడింది. అంత మర్యాదగా చెడ్డ కబురు చెప్పగా నేనెప్పుడూ వినలేదు.

"షుగరు వల్లండి. కంటి వెనక పొర మధ్యలో నీరు చేరి, రక్తం చిమ్మింది. రెండు కళ్ళలోనూ. మనం చదివేదంతా ఆ మధ్య చోటుతోనేనండి. లేజర్ పెడతాం, ఇంకా ముదరకుండా చూస్తాం. పోయిన చూపు మాత్రం రాదండి."

"పెద్ద అక్షరాలైతే?" అని అడిగాను. ఇంకా తెర దగ్గరే ఉంది నా బుర్ర.

"ఎంత పెద్దవైనా చూసేది ఆ చోటుతోనే కదమ్మా." కాగితం మీద ఏదో రాసుకుంటూ అంది. "ఏప్రిల్‌లోనో అప్పుడో వచ్చుంటే చదువుకునే చూపు కొంత నిలబెట్టేవాళ్ళం. ఎవరూ చెప్పలేదా మీకు?"

అమ్మ నా వైపు చూడలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా ఏనాడూ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

నాన్న మరుసటి రోజు ఆఫీసుకు వెళ్ళి తనే చెప్పుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. అంతవరకూ "బాబూ" అని పిలిచిన దినేష్‌ను ఆ రోజు సార్ అన్నాడు.

"దినేష్ సారూ, నేను సంతకం పెట్టిన ఊళ్ళన్ని మళ్ళ చూపియ్యుండ్రి. నా సంతకం లెక్కకు రాదు."

దినేష్ లేచి నిలబడ్డాడు. కూర్చోవడం మర్చిపోయాడు. "ఎనిమిది ఊళ్ళు ఆపినాను సార్. కానీ గోపన్‌పల్లితో కలిపి ఆరు ఊళ్ళవి అచ్చయిపోయినాయి. బడి గోడలకు అంటిస్తారు. తప్పులున్నోళ్ళు చూసుకుని అర్జీ పెట్టుకోవాల." గొంతు తగ్గించి, "మీరు ఉండండి సార్, వేరే పని ఏదైనా చూస్తా," అన్నాడు.

"ఏం పని సార్?" అన్నాడు నాన్న.

ఆ గదిలో చదవకుండా చేసే పని ఏదీ లేదు. పదిహేను అంగుళాల తెర ముందు అప్పటికే ఇంకెవరో కూర్చుని ఉన్నారు.

జూలైలో గోపన్‌పల్లి బడిలో జాబితా అంటించారని తెలిసింది. నాన్న తను కూడా వస్తానన్నాడు.

"నువ్వొచ్చి ఏం చేస్తవు నాయినా?"

"నువ్వు చదువు, నేను వింట. ఎంతమంది పేర్లు పాడు చేసిన్నో తెల్వాలె గదా."

ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. అలవాటు కొద్దీ జేబులో పెన్ను పెట్టుకున్నాడు, కళ్ళజోడు పెట్టుకున్నాడు. లింగంపల్లి నుంచి షేర్ ఆటోలో వెళ్ళి, బురదలో కొంత దూరం నడిచాం. బడి వరండాలో గోడ పొడుగునా కాగితాలు. వాటి ముందు గొంగళ్ళు, గొడుగులు, చంకల్లో పిల్లలతో జనం. చదువొచ్చినవాళ్ళ చుట్టూ రానివాళ్ళు మూగి పేర్లు అడుగుతున్నారు. తప్పులున్నవాళ్ళకు అర్జీ కాగితాలు హెడ్‌మాస్టరు గదిలో ఇస్తున్నారంటే, నాన్నను ఒక స్తంభం దగ్గర నిలబెట్టి నేను లోపలికి వెళ్ళాను.

కాగితాల కట్ట తీసుకుని తిరిగి వచ్చేసరికి నాన్న ఎదురుగా ఒకామె నిలబడి ఉంది. అరవై దాటిన మనిషి. తల మీద తడిసిన గోనెసంచి, కాళ్ళ దగ్గర కూరగాయల గంప. చేతిలో ఇంటి నంబరు రాసిన చీటీ.

"సారూ, జర నా పేరు చూసి చెప్పు. అంజమ్మ. ఉన్నదో లేదో సమజైతలేదు. పొద్దటిసంది నిలబడ్డ."

నాన్న ఆ చీటీ అందుకున్నాడు. కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. గోడ వైపు తిరిగాడు. తెల్లటి కాగితాల వరస అటు చివరిదాకా ఉంది. చూపు పోయిందని చెప్తాడనుకున్నాను. షుగరని, దవాఖానని, కంప్యూటరని, మనుషులు చెప్పుకునేదేదో చెప్తాడనుకున్నాను. నాన్న చీటీ జాగ్రత్తగా మడిచి ఆమె చేతిలో పెట్టాడు.

"నాకు సదువు రాదమ్మా," అన్నాడు.

ఆమె ఆయన కళ్ళజోడునూ, జేబులో పెన్నునూ, తెల్లచొక్కానూ ఒకసారి చూసింది. వెక్కిరించలేదు.

"అయ్యో, అద్దాలుంటే సదువొచ్చు అనుకున్న సారూ. నువ్వు గూడ నా లెక్కనేనా?" గంపను కాలితో పక్కకు జరిపి చోటు చేసింది. "ఫికర్ జేయకు. సదువొచ్చిన పిల్లలు ఎవరన్న వస్తరు. అప్పటిదాంక గీడ నిలబడు నాతోని."

నాన్న వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ గోడ వైపు మొహాలు పెట్టి ఎదురుచూస్తున్నారు. ఆ రావాల్సిన పిల్లను నేనే. చేతిలో కాగితాలతో గుమ్మంలోనే నిలబడి ఉన్నాను, అడుగు ముందుకు పడలేదు.